ఆగి ఆగి నడిచే కరెంటు బండి మీద సీతాఫల్‌మండి నుంచి అల్వాల్ దాకా

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ప్రయాణం గురించి రాస్తూ ముందే ఈ మాట చెప్పడం మీకు వింతగా అనిపించవచ్చు కానీ అసలు సంగతంతా అక్కడే ఉంది. షోరూముల్లో ఏ పెట్రోలు స్కూటరెక్కి కూర్చున్నా నా కాళ్లు రెండూ గాల్లో ఊగేవి. నా కాళ్లకు నేల అందిన మొదటి బండి ఈ కరెంటు బండే. సీటు కిందికి ఉంటుంది, బరువు తక్కువ, కిక్కు కొట్టే పని లేదు, చప్పుడు అసలే లేదు. నలభై మూడేళ్ల వయసులో మా సీతాఫల్‌మండి సందుల్లో పిల్లలందరూ చూసి నవ్వుతుండగా నేర్చుకున్నాను. ఆ తర్వాత తార్నాకలో ఆఫీసుకు, కూరగాయలకు, బ్యాంకుకు, ఎవరినీ బతిమాలకుండా తిరిగాను. ఆటో కోసం చెయ్యెత్తి నిలబడే బాధ తప్పిందంటే ఎంత హాయో అది అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

వానలు మొదలయ్యాక ఆ హాయికి దిష్టి తగిలింది. బండి వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి చచ్చిపోయేది. మీటరు మీద అంకెలన్నీ మాయం, హారను లేదు, లైటు లేదు. పక్కకు తోసి తాళం తిప్పితే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. ఒక రోజు రెండుసార్లు, తర్వాత వారం రోజులు అసలేం లేదు, మళ్లీ ఒక పొద్దున వరసగా మూడుసార్లు. సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పిలా అక్కడ మాత్రం బుద్ధిగా నడిచేది. వాన నీళ్లు దిగి ఉంటాయని వాళ్లు వైర్లకు టేపు చుట్టి పంపారు. మరో వారం తర్వాత ఆలుగడ్డ బావి దగ్గర రైలు వంతెన కింద, వెనక సిటీ బస్సు హారను మోగిస్తుండగా, బండి నట్టనడి రోడ్డు మీద ఆగిపోయింది. ఆ రోజు నా వెనక కూర్చున్నది మా ఆయన.

అప్పట్నుంచి ఆయన ఒకటే మాట. ఆయన స్నేహితుడి దగ్గర ఒక పాత పెట్రోలు స్కూటరు ఉంది, ఆదివారం వచ్చి మన బండి తీసుకుని అది ఇచ్చి వెళ్తాడు అని. నా కాళ్లు అందవు మహాప్రభో అంటే, "కాళ్లు అందకపోయినా ప్రాణాలు ఉంటాయి కదా" అన్నారు. అది కోపం కాదు, భయం. నాకూ తెలుసు. అందుకే పోట్లాడకుండా ఒక్క శనివారం అడిగాను. సీతాఫల్‌మండి నుంచి బోయిన్‌పల్లి మార్కెట్టు మీదుగా అల్వాల్ వెళ్లి, వెంకన్న దర్శనం చేసుకుని తిరిగొస్తాను, దారిలో ఒక్కసారి కూడా ఆగకపోతే బండి ఇంట్లో ఉంటుంది, ఆగితే ఆదివారం వెళ్లిపోతుంది అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పందం వింటూ పక్కనే చిక్కుళ్లు ఒలుస్తున్న మా అత్తయ్య, "నానూ వస్తాను. బండి ఆగిపోతే తొయ్యడానికి ఒక మనిషుండాల గదేటి" అంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు.

అత్తయ్యది విజయనగరం పక్క ఊరు. హైదరాబాదు వచ్చి పదేళ్లు దాటినా ఆమె మాటలో ఒక్క అక్షరం అరగలేదు. ఇంట్లో అందరికంటే నా బండి మీద నమ్మకం ఉన్నది ఆమెకే. ఆటో మెట్టు ఎత్తుగా ఉంటుందని, బస్సు అసలు ఆగదని ఆమె బాధ. ఈ బండి సీటయితే నిలబడ్డచోట నుంచే వెనక్కి ఒరిగి కూర్చోవచ్చు. కాబట్టి ఆదివారం బండి వెళ్లిపోతే ఇంట్లో కూలబడేది నేనొక్కదాన్నే కాదు.

శనివారం ఆరున్నరకు బయల్దేరాం. మీరు కూడా ఈ దారి పట్టాలనుకుంటే ఇంతకన్నా ఆలస్యం చేయకండి, ఎనిమిది దాటితే స్టేషను దగ్గర నుంచి ప్యారడైజ్ దాకా ట్రాఫిక్కు నరకం చూపిస్తుంది. మా బండికి బ్యాటరీ సీటు కింద ఉంటుంది, తీసి ఇంట్లోకి పట్టుకెళ్లి చార్జింగు పెట్టుకోవచ్చు. ఇంతకుముందు సెల్లారులోనే పెట్టుకునేవాళ్లం. వానలకు అక్కడి గోడ నెమ్మెక్కి అసోసియేషన్ వాళ్లు సాకెట్టు మూసేశారు. అప్పట్నుంచి బ్యాటరీ రెండో అంతస్తులో మా వంటింటికి వచ్చి, దేవుడి మూల పక్క సాకెట్టు దగ్గర రాత్రంతా కూర్చుంటోంది. పన్నెండు కిలోల దాకా ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకుని దిగడమే ఈ ప్రయాణంలో నాకున్న కష్టం. పూర్తి చార్జింగుకు రెండు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది, అంటే ఒక ప్లేటు ఇడ్లీ కన్నా చవక. ఇదే తిరుగుడు ఆటోలో అయితే ఆరువందలకు తక్కువ రానంటారు.

చిలకలగూడ, ఆలుగడ్డ బావి, స్టేషను, ప్యాట్నీ. వంతెన కిందికి రాగానే నేను హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి గోవింద నామాలు అందుకుంది. బండి పువ్వులా దాటేసింది. ప్యారడైజ్ సిగ్నలు దాటి ఒక గుంతలో దిగి లేచినప్పుడు మాత్రం మీటరు ఒక్క క్షణం ఆరి వెలిగింది. బండి ఆగలేదు, వేగం కూడా తగ్గలేదు.

"అత్తయ్యా, ఇది ఆగినట్టా కాదా?" అన్నాను.

"ఆగడమేటి! రెప్పేసింది. కళ్లున్నది రెప్పెయ్యదేటి?" అంది.

సరే, నాకూ అదే కావాలి. రెప్పేసిందనే అనుకుని తాడ్‌బండ్ మీదుగా బోయిన్‌పల్లి చేరేసరికి ఏడు దాటింది. మార్కెట్టు లోపలికి బండి తీసుకెళ్లకండి. లారీలు, హమాలీలు, కాళ్ల కింద క్యాబేజీ ఆకులు, దేని మీద జారతామో తెలియదు. గేటు బయట టీ కొట్ల వరసలో పెట్టుకుని నడిచి వెళ్లడం మేలు. గేటు పక్కనే ఒకామె తోపుడు బండి మీద ఇడ్లీ, వడ అమ్ముతోంది. రాత్రంతా మూటలు దింపిన హమాలీలంతా అక్కడే తింటారు, అంతకు మించిన సర్టిఫికెట్టు ఏం కావాలి? వడ కరకరలాడుతూ బాగుంది. అత్తయ్య మాత్రం చట్నీ వేలితో ఎత్తి చూసింది.

"ఇందులో పల్లీలు ఏసినావా, నీళ్లొకటేనా?"

"ఏసిన పెద్దమ్మా. జెర కింద నుంచి కలుపుకొని తిను" అని ఆమె నవ్వుతూ ఇంకో గరిటె పోసింది. ఇద్దరం కడుపునిండా తిని టీ తాగినా వంద రూపాయలు కూడా కాలేదు.

ఇక్కడ అంతా టోకు బేరమే కానీ బయటి వరసలో కిలోల్లో కూడా ఇస్తారు. మా వైపు వాళ్లకు కంద కనిపిస్తే కాళ్లు ముందుకు పడవు. అత్తయ్య మట్టి కొట్టుకుపోయిన కందలన్నీ గోటితో గీరి గీరి చూసి, అమ్మేవాడి ఓపిక చివరికంటా వాడుకుని ఒకటి ఎంచింది. నాలుగు కట్టల బచ్చలి కూడా కొన్నాం. ఆవ పెట్టిన కంద బచ్చలి కూర గురించి మాట్లాడుకుంటూ సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని బయల్దేరాం. గేటు ముందున్న స్పీడు బ్రేకరు ఎక్కి దిగాం. టక్కున మీటరు ఆరిపోయింది.

తాళం తిప్పాను. రాలేదు. దిగి, అత్తయ్యను దింపి, మళ్లీ తిప్పాను. రాలేదు. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ ఇలా మొండికేయలేదు. వెనక కూరగాయల మూటలతో ఒక కరెంటు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఆ వెనక ఇంకో రెండు. హారన్లు మొదలయ్యాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి పోయింది అనుకున్నాను. ఎవరో చూస్తున్నారని కూడా తోచలేదు.

ట్రాలీ ఆటో నడిపే ఆయన దిగి వచ్చాడు. నా వయసువాడే, మెడలో తువ్వాలు. "ఏందక్కా, ఏమైంది? పరేషాన్ గాకు, ముందుగాల పక్కకు వెడదాం" అని బండి వెనక చెయ్యి వేశాడు. ముగ్గురం కలిసి టీ కొట్టు రేకుల కిందికి తోశాం. ముగ్గురంటే, అత్తయ్య కూడా. పొద్దున చెప్పిన మాట నిలబెట్టుకుంది. ఆయన పేరు యాదగిరి, ఉండేది బోయిన్‌పల్లిలోనే. తన ఆటో కూడా పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

ఈ రెండు నెలల్లో నేను తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్నది ఒకటుంది. మీటరు వెలుగుతూనే ఉండి బండి మాత్రం లాగకపోతే అనుమానం బ్రేకు మీదికో సైడు స్టాండు మీదికో వెళ్లాలి. బ్రేకు లీవరు సగం నొక్కుకుని ఉండిపోయినా, స్టాండు సరిగ్గా పైకి రాకపోయినా మోటారు తనంతట తనే ఆగిపోతుంది. మీటరుతో సహా అన్నీ ఆరిపోతే మాత్రం కరెంటే రావడం లేదని అర్థం. అప్పుడు చూడాల్సింది బ్యాటరీని, పక్కనే ఉండే, కరెంటు ఆపే ఎంసీబీ మీటను, తాళాన్ని, వాటి మధ్య వైర్లను. యాదగిరికి అదే చెప్పాను. ఎంసీబీ పైకే ఉంది. తాళం అటూ ఇటూ కదిపి చూశాను, ఏం లేదు. టేపు చుట్టిన వైర్లు గట్టిగానే ఉన్నాయి.

"గంతే అక్కా, సరిగ్గ చూసినవ్. ఇగ మిగిలింది బ్యాటరీ కూసునే జాగనే. అండ్ల వదులైతే గతుకులల్ల గిట్లనే అయితది. ఎంసీబీ కిందికి గొట్టి బ్యాటరీ తియ్యి, చూద్దాం" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ చోటును నేను ఎన్నడూ చూడలేదు. రోజూ తీస్తాను, రోజూ పెడతాను, కానీ పిడి పట్టుకుని పైకి లాగడమే, చార్జరు గుచ్చేది కూడా పైనే, అడుగున ఏముందో వంగి చూసింది లేదు. బ్యాటరీ తీసి టీ కొట్టు బల్ల మీద పడుకోబెట్టాం. యాదగిరి ఫోను లైటు వేసి అడుగునున్న సాకెట్టులోకి చూశాడు. ఇంకొంచెం వంగి చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"అక్కా, గిదేంది? బ్యాటరీకి బొట్టు వెట్టిన్రా?"

నేనూ వంగి చూశాను. పిన్నులు దిగే రెండు రంధ్రాలూ పసుపుతో నిండి ఉన్నాయి. దాని మీద కుంకుమ. ఎండి, మళ్లీ తడిసి, మళ్లీ ఎండి, పొరలు పొరలుగా గట్టిపడిపోయింది. ఒక పక్క లోపలి రాగి పచ్చగా చిలుముపట్టింది. ఇంకోపక్క కాస్త నల్లబారింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను మాత్రం ఆ పసుపు చూడగానే పట్టేశాను. మా ఇంట్లో గడపకు, గ్యాసు పొయ్యికి, మిక్సీకి, బీరువాకు ప్రతి శుక్రవారం అంత శ్రద్ధగా పసుపు కుంకుమ పెట్టేది ఒక్కరే.

అత్తయ్య కంద సంచీ కింద పెట్టి దగ్గరికొచ్చింది. ఆమె ముఖంలో దొంగతనం లేదు, గర్వం ఉంది.

"నానే పెట్టాను. ఇంట్లోకొచ్చిన కాడి నుంచీ పెడతన్నాను. కిందికి పడుకోబెడితే రెండు కళ్లలాగుంటాయి గదా, ముఖం అదే అనుకున్నాను."

"ఎన్నాళ్లుగా అత్తయ్యా?"

"మొదట్లో శుక్రవారమే. నువ్వు బండి ఆగిపోతంది అన్నావు గదా, మంగళవారం కూడా మొదలెట్టాను. మొన్న వంతెన కింద ఆగిపోయిందన్నప్పుడు కొంచెం ఎక్కువ పెట్టాను."

నా తలలో రెండు నెలలూ ఒక్కసారి గిర్రున తిరిగాయి. వానలు మొదలయ్యాక జబ్బు వచ్చిందని అందరం వానను తిట్టుకున్నాం. వానలు మొదలయ్యాకే బ్యాటరీ వంటింటికి వచ్చిందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. బండి ఆగిన కొద్దీ ఆమె పసుపు పెంచింది, పసుపు పెరిగిన కొద్దీ బండి ఆగింది.

"ఓసారి చెయ్యి జివ్వుమంది కూడాను. మహత్యముంది దీనికి అనుకున్నాను" అంది అత్తయ్య.

యాదగిరి పకపకా నవ్వాడు. టీ కొట్టాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తడి వేళ్లతో నిండుగా చార్జింగు ఉన్న బ్యాటరీని ముట్టుకుంది ఈమె. నేను ఆమె కుడిచెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. నా ముఖం చూశాకే అత్తయ్యకు బండి ఎందుకు ఆగుతోందో అర్థమైంది. గర్వం పోయి ముఖం చిన్నబోయింది.

"అయితే నా వల్లేనేటి?" అంది మెల్లగా.

యాదగిరి నవ్వు ఆపేశాడు. "గట్లనకు పెద్దమ్మా. నా సంగతి విను. పోయిన దసరాకు నేను ఈ ఆటో ముంగట కొబ్బరికాయ కొట్టకుండ, ఇంజనుకే కొట్టాలె గదా అని సీటు లేపి మోటారు నడిపే కంట్రోలర్ డబ్బ మీదనే కొట్టిన. నీళ్లన్నీ అండ్లకే వొయినయ్. పండుగ పూట బండి షెడ్డుల వడ్డది. నా పెండ్లాం ఇప్పటికి సుత వచ్చినోళ్లకల్ల చెప్తది. పెట్రోలు బండ్లకు చేసినట్టే వీటికి సుత చేస్తున్నం, ఏం చేస్తం, అలవాటు" అన్నాడు.

అత్తయ్య నవ్వలేదు కానీ కాస్త ఊపిరి తీసుకుంది.

శుభ్రం చేయడం పావుగంట పని. యాదగిరి దగ్గర కరెంటు పిన్నులు కడిగే స్ప్రే డబ్బా ఉంది, కరెంటు ఆటో వాళ్లంతా ఉంచుకుంటారట. ముందు పొడి టూత్‌బ్రష్షుతో బండి వైపున్న పిన్నులు రుద్దాం. తర్వాత బ్యాటరీ రంధ్రాల్లో అగ్గిపుల్ల వెనక వైపుతో, ఒకదాని తర్వాత ఒకటి, పసుపు గీకి తీశాం. అక్కడ పిన్నీసో స్క్రూడ్రైవరో ఇనుప వస్తువేదీ పెట్టకూడదు, రెండు పక్కలా తగిలితే నిప్పులు రాలతాయి. స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, బ్యాటరీ పెట్టి ఎంసీబీ పైకి ఎత్తి తాళం తిప్పాను. మీటరు నిండుగా వెలిగింది. యాదగిరి హ్యాండిలు పట్టుకుని బండిని ఎగరేసి ఎగరేసి కుదిపాడు. మీటరు రెప్ప కూడా వేయలేదు. "ఇగ మంచిగున్నది. కానీ ఒక పక్క నల్లగైంది చూసినవా, గా సాకెట్ మాత్రం మార్పియ్యి. మర్చిపోకు" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అత్తయ్య ఊరుకోలేదు, రెండు కట్టల బచ్చలి ఆయన ఆటోలో పెట్టేసి వచ్చింది.

బోయిన్‌పల్లి నుంచి అల్వాల్‌కు తిరుమలగిరి చౌరస్తా మీదుగా వెళ్లాం. ఈ ప్రయాణంలో అన్నిటికంటే అందమైన ముక్క ఇదే. కంటోన్మెంటు రోడ్లకు రెండు పక్కలా పెద్ద చెట్లు, వాన కడిగిన ఆకులు, ట్రాఫిక్కు తక్కువ. కొన్ని రోడ్లలో మిలిటరీ వాళ్లు బయటి బళ్లను వదలరు కాబట్టి ఫోను చూపిన అడ్డదారులు నమ్మకుండా పెద్ద రోడ్డు మీదే వెళ్లండి. బండి పాటలా సాగుతోంది. నాకు అరవాలన్నంత సంతోషంగా ఉంది. కానీ వెనక గోవింద నామాలు లేవు.

లోతుకుంట సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అత్తయ్య నా చెవి దగ్గరకు వంగి, "అమ్మా, మీ ఆయనకి సెప్పీకు. నవ్వుతాడు. ఊరంతా సెప్తాడు" అంది.

చెప్పనని మాట ఇచ్చాను. మాట ఇచ్చాక తెలిసింది చిక్కెక్కడుందో. బండి బోయిన్‌పల్లిలో ఆగింది. ఒప్పందం ప్రకారం అది ఓడిపోయినట్టే. ఎందుకు ఆగిందో చెప్తేనే బండి నిలుస్తుంది, చెప్తే అత్తయ్యకిచ్చిన మాట పోతుంది. ఆగలేదని అబద్ధం చెప్పాలి, లేకపోతే బండి వదులుకోవాలి. వెంకన్న దగ్గరకు వెళ్తూ అబద్ధం ఎలా ఆడాలా అని ఆలోచించుకున్న భక్తురాల్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అల్వాల్ గుడికి చేరేసరికి తొమ్మిదిన్నర. శనివారం కాబట్టి వరస ఉంటుంది, మాకు గంట పట్టింది. దర్శనమయ్యాక పులిహోర ప్రసాదం తింటూ బయట అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా కొత్త బళ్లకు పూజలు జరుగుతున్నాయి. కొత్తగా పెళ్లయినట్టున్న ఒక జంట కరెంటు స్కూటరు తెచ్చారు. మేడ్చల్ నుంచి వచ్చారట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హ్యాండిలుకు దండ వేసి, పంతులుగారు అద్దానికి బొట్టు పెట్టారు. ఆ అమ్మాయి సీటు ఎత్తి, "పంతులుగారూ, బ్యాటరీకి కూడా" అంది. పంతులుగారు పసుపు నీళ్లలో పువ్వు ముంచారు.

అత్తయ్య ప్రసాదం నా చేతిలో పెట్టేసి లేచింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి అంత వేగంగా నడవడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఆగండి బాబూ, ఆగండి! దాని జోలికెళ్లీకండి. అమ్మాయ్, ముందు సీటు మూసీ!"

పంతులుగారు పువ్వు పట్టుకుని అలాగే ఉండిపోయారు. అత్తయ్య అందరి ముందూ, చుట్టూ ఉన్న పదిమంది వింటుండగా, మొత్తం చెప్పింది. శుక్రవారం, మంగళవారం, రెండు కళ్లు, చెయ్యి జివ్వుమనడం, వంతెన కింద బస్సు, ఏదీ దాచలేదు. "నా కోడలు నడిరోడ్డు మీద ఆగిపోయిందమ్మా. బస్సోడు బ్రేకెయ్యబట్టి సరిపోయింది. దేవుడికి పెట్టాల్సిన పసుపు కరెంటుకి పెట్టీసినాను" అంది. జనంలో ఒకరిద్దరు నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు, సీటు మూసేసి, "థాంక్స్ అమ్మమ్మా, మా అత్తమ్మ రోజూ పెట్టుమన్నది" అంది. పంతులుగారు పువ్వుతో సీటు మీద పైపైన చల్లి, "ఇక్కడ చాలు తల్లీ" అన్నారు.

తిరుగు దారి కార్ఖానా మీదుగా పట్టాం. ఫ్లైఓవర్ పనుల వల్ల రోడ్డు గతుకులు గతుకులుగా ఉంది, దుమ్ము కూడా ఎక్కువ. మామూలుగా అయితే ఆ దారి వద్దంటాను, కానీ ఆ రోజు కావాలనే వెళ్లాను. ప్రతి గుంతలోనూ దింపి లేపాను. మీటరు చెక్కుచెదరలేదు. జూబ్లీ బస్టాండు, క్లాక్ టవర్, స్టేషను, మళ్లీ ఆ వంతెన. పన్నెండున్నరకల్లా సీతాఫల్‌మండిలో ఉన్నాం. మొత్తం ముప్పై కిలోమీటర్ల లోపే తిరిగాం, బ్యాటరీ ఇంకా సగానికి పైనే ఉంది.

మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పొద్దుట్నుంచి అక్కడే ఉన్నారో, అప్పుడే దిగారో అడగలేదు. మమ్మల్ని చూడగానే ముఖంలో దిగులు దిగిపోయింది, కానీ మాట మాత్రం బింకంగానే వచ్చింది. "ఆగిందా?"

నేను దారంతా సిద్ధం చేసుకున్న అబద్ధం నోటిదాకా వచ్చింది. ఈలోగా అత్తయ్య బండి దిగి, కంద సంచీ కొడుకు చేతికిచ్చింది.

"ఆగింది. బండి తప్పేం నేదురా బాబూ. ఇన్నాళ్లూ ఆపింది నానే" అని సాకెట్టు సంగతంతా చెప్పుకొచ్చింది. "నువ్వు నవ్వినా నవ్వు, ఊరంతా సెప్పుకున్నా సెప్పుకో. దాని బండి మాత్రం ఇచ్చీకు. దానికి కాళ్లు అందే బండి అదొక్కటే."

ఆయన నవ్వలేదు. సంచీ కింద పెట్టి, "చెయ్యి జివ్వుమందా? ఎప్పుడమ్మా? నాకెందుకు చెప్పలేదు?" అని ఆమె చెయ్యి పట్టుకున్నారు. తర్వాత అక్కడే నిలబడి స్నేహితుడికి ఫోను చేసి ఆదివారం రావొద్దని చెప్పారు. సోమవారం నల్లబారిన సాకెట్టు మార్పించాం. ఆ తర్వాత ఇన్ని వారాల్లో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. కంద బచ్చలి కూర కూడా బ్రహ్మాండంగా కుదిరింది.

ఈ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు నిండుగా ఉంటుంది. బండి దక్కినందుకు ఒక్కటే కాదు. ఇంట్లో నా కోసం భయపడేది మా ఆయన ఒక్కరే అనుకున్నాను. ఆయన భయం మాటల్లో బయటపడేది కాబట్టి తెలిసింది. అత్తయ్య నమ్మకంగా వెనక ఎక్కి కూర్చునేది కాబట్టి ఆమెకు భయమే లేదనుకున్నాను. నేను ఆఫీసుకు వెళ్లి తిరిగొచ్చేదాకా ఆమె ప్రాణం గేటు దగ్గరే ఉంటుందని, ఆ భయానికి తనకు తెలిసిన ఒకే ఒక్క మందు వేస్తోందని నాకు తెలియనే తెలియదు. అది వికటించింది, నిజమే. అయినా నా బండికి అంత శ్రద్ధ ఇంకెవరు చూపించారు?

మీ బండి కూడా ఇలా ఆగి ఆగి నడుస్తూ, ఆగినప్పుడు మీటరు కూడా ఆరిపోతుంటే, బోలెడు డబ్బు పోసి కంట్రోలర్లు మార్పించే ముందు ఎంసీబీ దించి, బ్యాటరీ తీసి, అడుగున సాకెట్టులోకి పొడి చేతులతో, లైటు వేసి ఒక్కసారి చూడండి. నల్లబారి ఉంటే మీరు కెలక్కుండా సర్వీసువాళ్లకు చూపించండి. పసుపు కనిపిస్తే మాత్రం కేకలు వేయకుండా ఇంట్లోకి వెళ్లి, ఎవరు పెట్టారో వాళ్ల చేతికి ఏమీ కాలేదు కదా అని ముందు అడగండి.